వజ్రాల గనికి వర్క్ పర్మిట్

పర్మిట్ కాగితం మీద సంతకం పడనిదే ఎవరినీ గుంతలోకి దిగనివ్వడు మొగులయ్య కాక. ఆ గుంత ఫ్యాక్టరీలో ఉన్నా, సెల్‌ఫోన్ ఆటలో ఉన్నా ఆయనకు ఒకటే.

కాజీపల్లిలో మేం పనిచేసే మందుల ఫ్యాక్టరీకి ఆయన సేఫ్టీ సూపర్‌వైజర్. వయసు యాభై ఆరు. నేను ప్యాకింగ్‌లో, వెంకట సాయి ప్రొడక్షన్‌లో. ముగ్గురం బీరంగూడలో కంపెనీ బస్సెక్కుతాం. అది ట్రాఫిక్‌లో మూలుగుతూ పోయే గంటసేపూ నేనూ సాయీ ఫోన్లలో ఒక ఆట ఆడేవాళ్లం. అందులో లోకమంతా దిమ్మెలతో కట్టి ఉంటుంది. చెట్టు నరికి చెక్క గుద్దలి చేసుకోవాలి. దాంతో రాయి తవ్వాలి, రాతి గుద్దలితో ఇనుము తవ్వాలి, ఆ ఇనుము కరిగించి చేసిన గుద్దలితోనే పాతాళంలో వజ్రాలు తవ్వాలి. మధ్యలో చస్తే మోస్తున్నదంతా అక్కడే పడిపోతుంది.

ఒకరోజు సాయి తన కాళ్ల కింద నేలనే నిటారుగా తవ్వుకుంటూ పోయి నిప్పుల మడుగులో పడ్డాడు. వెనక సీట్లోంచి తొంగిచూస్తున్న కాక కెవ్వుమన్నాడు. డ్రైవర్ బ్రేకేశాడు.

“నిలవడ్డ జాగనే తవ్వుతవారా? నెత్తికి టోపీ లేదు, పక్కన మనిషి లేడు. నీకు పర్మిట్ ఎవడిచ్చిండు?”

“ఆట కాకా!”

“ఆటైతేంది? సచ్చింది నువ్వే గదా!”

మర్నాడు కాక తన కొడుకు పాత ఫోన్ పట్టుకుని మా పక్కన కూర్చున్నాడు. “నన్ను గూడ లోపల్కి తీస్కోండ్రి” అన్నాడు. ఆ రోజుతో మా గనికి శని పట్టిందనుకున్నాం.

పాత క్యాలెండర్ కాగితాల వెనక గళ్లు గీసి తెచ్చేవాడు. పని ఏమిటి? లోతెంత? గాలి చూశారా? బయట కాపలా ఎవరు? ఆఖరి గడి ఫ్యాక్టరీ ఫారంలో కూడా లేదు, ఆయన సొంతం. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరు? ఆటలో సాయి కట్టుకున్న గుడిసెలోకి ఎక్కణ్నుంచో ఒక కోడి వచ్చి చేరింది. సాయి ప్రతిసారీ “ఒక కోడి” అని రాసేవాడు. కాక అద్దాలు సవరించుకుని చదివి, నవ్వకుండా సంతకం పెట్టేవాడు.

గుంతలో దిగేముందు కాగడా కిందికి వేయాలనేది ఇంకో నియమం.

“మా ఊర్ల బాయి పూడిక తీసెటప్పుడు ముందుగాల దీపం దించెటోళ్లు. దీపం ఆరితే మనిషి దిగొద్దు.”

“ఆటల కాగడా ఆరనే ఆరదు కాకా” అన్నాను.

“ఆరనిదాన్ని నమ్ముడెట్ల బిడ్డా? జెర సేపు ఆగుండ్రి.”

అలా ఆరని కాగడాను చూస్తూ పటాన్‌చెరు దాటేవాళ్లం.

పోనీ ఆయనకు ఆట వచ్చా అంటే, రాదు. నడవమంటే గోడకు గుద్దుకుంటాడు, దూకమంటే గుద్దలి విసిరేస్తాడు. ఆయనకు చేతనైంది ఒక్కటే, గుంత ఒడ్డున కాపలా నిలబడటం. ఆటలో చీకటి పడితే ఎముకల గూళ్లు బాణాలు పట్టుకుని బయల్దేరుతాయి.

“కాకా, లోపల్కి ఉరుకు! అగో వస్తున్నయ్!”

“కాపలా మనిషి జాగ ఇడిశి కదలొద్దు.”

బాణాలు తగిలి చచ్చేవాడు. మళ్లీ పుట్టి, గోడలన్నీ గుద్దుకుంటూ నడిచొచ్చి, అదే ఒడ్డున నిలబడేవాడు. ఐదు నెలల్లో నలభై మూడుసార్లు చచ్చాడు. మేం నవ్వలేక చచ్చాం గానీ గనిలో మాత్రం ఒక్కసారీ చావలేదు. మొదటి ఐదు వజ్రాలు దొరికినప్పుడు సాయి కత్తి చేసుకుంటానన్నాడు. “ముందుగాల టోపీ” అన్నాడు కాక. ఐదూ టోపీకే పోయాయి.

పోయిన నెల కాక ఒకరోజు సెలవు పెట్టాడు. సరిగ్గా ఆ రోజే ఒక పెద్ద ట్యాంకు కడగాల్సి వచ్చింది. షిఫ్ట్ ఇన్‌చార్జి సాయిని పిలిచి, “ఐదు నిమిషాల పని. మొగులయ్య రేపొస్తడు, పర్మిట్ రేపు రాస్కుందం. జల్దీ దిగు” అన్నాడు.

సాయి ఒక కాలు లోపల పెట్టాడు కూడా. ఇంతలో ఐదు నెలల అలవాటు నోట్లోంచి ఊడిపడింది.

“కాగడా దించిండ్రా సార్?”

నిప్పురవ్వ పడితే భగ్గుమనే రసాయనాల మధ్య కాగడా మాట వినేసరికి ఇన్‌చార్జికి ముచ్చెమటలు పోశాయి. “ఏం కాగడారా? ఫ్యాక్టరీ పేల్చేస్తవా?”

“అదే సార్, గాలి మీటరు. బయట కాపలా ఎవరు? కాగితం ఏది? గవి లేకుంట నేను దిగ సార్.”

ఇన్‌చార్జి రుసరుసలాడాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. సాయి పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకున్నాడు. చివరికి విసుక్కుంటూ మీటరు తెప్పించి, తాడు కట్టి దించారు. దించీ దించగానే అది కుయ్యోమని మొత్తుకుంది. ఇరవై ఒక్క శాతం ఉండాల్సిన ఆక్సిజన్ అడుగున తొమ్మిదే ఉంది. దిగిన మనిషి అరిచేలోపే పడిపోయేవాడు. ఇన్‌చార్జి అక్కడే చతికిలబడ్డాడట.

మర్నాడు బస్సులో సాయి కాక కాళ్లకు దండం పెట్టబోయాడు. కాక గబుక్కున కాళ్లు సీటు మీదికి లాక్కున్నాడు.

“నడిశే బస్సుల వంగొద్దు. ఆ కడ్డీ పట్టుకో.”

నేనుండబట్టలేక అడిగాను. “కాకా, నిజం చెప్పు. నీకు ఆటంటే ఇష్టమేనా?”

“నాకా? ఆ దుంకుడే చేతగాదు గదనే! పన్నెండేండ్ల సంది సేఫ్టీ క్లాసులు చెప్తున్న. ఫ్యాను కింద అందరు నిద్రవోయెటోళ్లే. గీ ఆటల మాత్రం ఒక్కడు నిద్రవోతలేడు. ఇగ క్లాసు గీడనే చెప్పాలె అనుకున్న.”

ఐదు నెలలుగా నవ్విన నవ్వుకు నాకు సిగ్గేసింది. మమ్మల్ని బతికించడానికి నలభై మూడుసార్లు చచ్చిన మనిషి ఆయన.

ట్యాంకులోకి ఆ రోజంతా గాలి పంపారు. మీటరు ఇరవై ఒకటి చూపించాకే కాక పర్మిట్ పుస్తకం తెరిచాడు. ఫారంలో లేని ఆఖరి గడిని పెన్నుతో గీసి, సాయి ముందు పెట్టాడు. సాయి “అమ్మ, కౌసల్యమ్మ” అని రాశాడు. ఏమనుకున్నాడో, దాని కింద “ఒక కోడి” అని కూడా రాశాడు.

కాక అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి జరిపాడు.

“కోడి పేరు రాయలే” అన్నాడు.