గుట్ట మీద పక్కన లేని ఆవు

తూకమాయన ఏ కొట్టంలో అడుగుపెట్టినా ముందు ఆవును చూడడు, నేలను చూస్తాడు. తొట్టిలో నీళ్లు ఎంత లోతున్నాయి, గడ్డి పచ్చిదా ఎండుదా, నీడ ఎంతవరకు పడుతోంది. ఆ తర్వాతే పాల చెంబును కాటా కొక్కేనికి తగిలిస్తాడు. ఇరవై రెండేళ్లుగా నెలకోసారి నూట పన్నెండు కొట్టాలు తిరిగి పాలు తూస్తున్నాడు. ఎదకొచ్చిన ఆవులకు ఆంబోతు వీర్యం సూది వేసేదీ ఆయనే. ఏ ఆంబోతు కూతురు ఎన్ని పాలిస్తోందో ఆయన రాసుకొస్తే, ఆ అంకెల్ని బట్టి పశువుల కేంద్రంవాళ్లు ఏ ఆంబోతును ఉంచాలో, దేన్ని కోతకు పంపాలో తేలుస్తారు.

ఆ ఏడాది జాబితాలో అట్టడుగున ఉన్నది నలభై ఒకటో నంబరు ఆంబోతు. దాని దూడలు చిన్నవిగా పుడతాయని ఆయన దానికి చిన్నోడని పేరు పెట్టుకున్నాడు.

"చిన్నోడి కూతుళ్లు పాలివ్వవట," అన్నాడు ఇంటికొచ్చి.

"ఇవ్వవా మరి?" అంది భార్య.

"ఏటి ఒడ్డు ఆవుల పక్కన పెడితే ఎక్కడిస్తాయి? ఇవన్నీ గుట్ట మీదున్నాయి. కడుపు నిండినదాన్నీ, కడుపు మాడినదాన్నీ ఒకే కాటాతో తూస్తే ఎట్లా?"

"ఆ కాటా పట్టేది మీరే కదండీ."

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. రెండు నెలలు పాత రిజిస్టర్లు బల్లమీద పరిచి కూర్చున్నాడు. కేంద్రంవాళ్లు మందల్ని తూకానికి తిరిగే దారిని బట్టి కలిపారు. ఆయన నీటిని బట్టి, మేతను బట్టి, ఎండను బట్టి విడదీశాడు. ఏటి ఒడ్డువి ఒక గుంపు, వానమీద బతికేవి ఒకటి, గుట్టమీదివి ఒకటి. ఒకే వీధిలో ఎదురెదురు కొట్టాలు చెరో గుంపులో పడ్డాయి. భార్య తొంగిచూసి, "ఇరుగుపొరుగును విడగొట్టి, ముక్కూమొహం తెలియనివాళ్లను వియ్యంకుల్ని చేశారే," అని నవ్వింది.

కేంద్రంలో అధికారిణి ఆ కాగితాలను టీ చల్లారేదాకా చదివింది. "ఇది మేం ఎప్పుడో చేయాల్సిన పనండీ," అంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె వేలు గుట్ట పేజీ మీద ఆగింది.

"ఈ గుంపులో వేరే ఆంబోతుల కూతుళ్లు ఎన్ని?"

గుట్టమీది ఆవులు బక్కవి. కొత్తలో పెద్ద ఆంబోతుల సూది వేస్తే దూడలు అడ్డంపడి, మోచేతిదాకా చెయ్యి పెట్టినా లాగలేక, రెండావులు ఆయన కళ్లముందే పోయాయి. అప్పటినుంచి అక్కడ చిన్నోడిదే తప్ప వేరే సూది వేయలేదు.

"ఒక్కటీ లేదమ్మా."

"మరి ఆంబోతు చెడ్డదో, గుట్ట చెడ్డదో ఎట్లా తేల్చను? పక్కన పోల్చడానికి ఒక్కటన్నా ఉండాలి కదా."

"నేనే వేశానమ్మా. ఆవులు చావకూడదని."

"తెలుస్తోందండీ," అని ఆమె కాగితాలు నెమ్మదిగా సర్దింది.

ఆయన గీసిన గుంపులు మరుసటి నెలనుంచే అమల్లోకి వచ్చాయి. పోలిక లేక అట్టడుగునే మిగిలిన చిన్నోడు ఆ నెలలోనే కోతకు లారీ ఎక్కింది. దాచిన వీర్యమూ పారబోశారు. ఇకమీదట గుట్టమీద వేరే సూదులూ వేయాలని ఉత్తర్వు వచ్చింది. వేశాడు.

నాలుగేళ్లు గడిచాయి. గుట్ట చివరి కొట్టంలో ఆవుల్ని సాకే ఒక పెద్దమ్మ దగ్గర తొలిసారి ఈనిన ఆవులు రెండు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి చిన్నోడి ఆఖరి సూదికి పుట్టినది. రెండోది పెద్ద ఆంబోతు సూదికి, తల్లిని చంపి పుట్టినది.

"ఎంతొచ్చింది బాబూ?" అంది పెద్దమ్మ.

"చిన్నోడి కూతురు అయిదున్నర లీటర్లు. ఇది నాలుగుకు తక్కువే."

"నే చెప్పలా? ఇంక ఆ సూదే వేయి."

"అది లేదు పెద్దమ్మా."

"లేకపోతే తెప్పించు."

ఆయన రెండు అంకెలూ గుట్ట గుంపులో ఒకదాని కింద ఒకటి రాసి, చెంబు కడిగి, పక్క కొట్టానికి నడిచాడు.