అమ్మ ఇవాళ సంతకు వెళ్ళింది

తల్లిని సమాధి చేసి వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఒడీలియా కొయోయ్ నల్లచిక్కుళ్ళు ఉడికించి, అరటిపండు ముక్కలు వేయించి, వేడివేడి మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది. తినాల్సింది ఒక్క మనిషే. స్పానిష్ నేర్చుకోవడానికి నార్వే నుంచి వచ్చి, ఆరు వారాలుగా ఆ ఇంట్లో ఉంటున్న సిగ్రున్.

గ్వాటెమాలా కొండల మీది షేలా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. భాష నేర్పే బడి పరాయిదేశపు పిల్లలను పంపుతుంది. ఇంటావిడ మూడు పూటలా పెట్టాలి, పక్కన కూర్చుని మాట్లాడాలి, తప్పు మాట్లాడితే దిద్దాలి. చావు జరిగిన ఇంట్లో మాత్రం బడివాళ్ళు పిల్లలను ఉంచరు. ఏడుపు మొహం వేసుకున్న మనిషిని కబుర్లు చెప్పమనడం మర్యాద కాదని వాళ్ళ ఉద్దేశం. ఆ సంగతి ఒడీలియాకు తెలుసు. అందుకే గుమ్మానికి నల్లరిబ్బను కట్టలేదు, నల్లబట్టలు వేసుకోలేదు. భర్త పోయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. సిగ్రున్ కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు ఉండదు.

సిగ్రున్‌కు ఇదేమీ తెలియదు, తన రోజు తనది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళ కోసం స్నానాలగదిలో కుళాయితో కుస్తీ పడుతుంది, తిడుతుంది, ఆ తిట్టు స్పానిష్‌లో సరిగ్గా వచ్చిందో లేదో వంటింట్లోకి వచ్చి అడుగుతుంది. ఎనిమిదింటికల్లా బడిలో చిన్న బల్లకు అటు పంతులమ్మ, ఇటు తను. మొదటి గంటంతా పాఠం ఒకటే: నిన్న ఇంట్లో ఏం జరిగింది? కాబట్టి రాత్రి ఒడీలియా బల్ల దగ్గర అన్న మాట పొద్దెక్కేసరికి బడికి చేరుతుంది.

ఆ రాత్రి సిగ్రున్, అక్కడ పెద్ద ఆడవాళ్ళను పిలిచినట్టే దోన్యా అని పిలిచి, అలవాటుగా అడిగింది.

"దోన్యా, మీ అమ్మ ఎలా ఉంది? మోకాలు నొప్పి ఉందా?"

చెప్పేద్దామనే ఒడీలియా నోరు తెరిచింది.

"కాస్త నయం. ఇవాళ సంతకు వెళ్ళింది."

"నడిచి?"

"నడిచే. కోళ్ళమ్మే ఆవిడతో దెబ్బలాట కూడా పెట్టుకుంది. ఇది కోడా, పిచ్చుకా అంది."

సిగ్రున్ పగలబడి నవ్వి, పిచ్చుక అనే మాటను నాలుగుసార్లు పలికింది. ఆ తల్లి, ఫెర్మీనా, పోయేముందు రెండేళ్ళు కొడుకింట్లో మంచం దిగలేదు.

తర్వాత రోజూ అదే తంతు. సాయంత్రం నాలుగింటికి ఒడీలియా పక్క ఊరు సల్కహాలో ఉన్న తమ్ముడి ఇంటికి బస్సెక్కేది. బస్సులో సంచిలోంచి నల్లశాలువా తీసి కప్పుకునేది. అక్కడ తొమ్మిది రోజుల ప్రార్థనలు. ఏడింటికి సిగ్రున్‌కు భోజనం పెట్టాలి గనక ముగియకుండానే లేచేది. మరదలు తోరిబియా ఊరుకునే మనిషి కాదు.

"ఆమేన్ అనకముందే చెప్పులు వెతుక్కుంటావేం వదినా? ఆ తెల్లపిల్లకు చిక్కుళ్ళు చల్లారిపోతాయా?"

"చల్లారితే తినదు."

"మీ అమ్మ కూడా చల్లారిపోయింది. గుర్తుందా?"

ఒడీలియా చెప్పులు వేసుకుని బయటపడింది. బస్సులో శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ ప్రార్థనల్లో ఆమెకు ఒక్కసారీ కన్నీరు రాలేదు. అక్కడ అందరూ తల్లి చివరి రోజుల గురించే మాట్లాడుతున్నారు. పుండ్లు, మందులు, దుప్పట్లు. ఇక్కడ బల్ల దగ్గర సిగ్రున్‌కు చెప్పే కబుర్లలో ఫెర్మీనా మళ్ళీ మగ్గానికి నూలు ముడులు వేసింది, పళ్ళసారాయి సీసాను ఫాదరు కంటబడకుండా దిండు కింద దాచింది. ఇందులో అబద్ధం తక్కువే. అన్నీ ఒకప్పుడు జరిగినవే.

ఎనిమిదో రాత్రి సిగ్రున్ ఒక పొట్లం బల్ల మీద పెట్టింది. లోపల ఉన్ని మేజోళ్ళు.

"మీ అమ్మకి. ఆదివారం నేను వస్తా మీతో. ఆమెతో మాట్లాడాలి నేను."

ఒడీలియా పొట్లం మళ్ళీ కట్టి ఆ పిల్ల వైపు జరిపింది.

"లేదు తల్లీ. అమ్మ లేదు. పోయిన వారమే పోయింది."

సిగ్రున్ తనకే భాష అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పమంది. ఒడీలియా మళ్ళీ చెప్పింది.

"మరి సంత? కోళ్ళావిడ?"

"అది పాత సంగతి."

"నాతో ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగావు. ఇంకెవరూ అడగరు." పళ్ళెం తీస్తూ అంది, "బడిలో చెప్పకు."

సిగ్రున్ తలూపింది.

మర్నాడు మధ్యాహ్నం సిగ్రున్ రాలేదు. బడి వ్యవహారాలు చూసే హేర్సన్ తీపిరొట్టెల సంచితో వచ్చి, గుమ్మంలోనే ఆమెను కావలించుకున్నాడు.

"ఆ పిల్ల కావాలని చెప్పలేదు దోన్యా, ఒట్టు. నిన్న ఇంట్లో ఏం జరిగిందని అడగ్గానే ఏడుపు. ఎంతకీ నోరు విప్పదు. మీరేమైనా అన్నారేమో, కొట్టారేమోనని పంతులమ్మ గోల పెట్టింది. మీ మీద మాట పడుతుందని అప్పుడు చెప్పింది."

"నాకేం కష్టంగా లేదు హేర్సన్. ఆ పిల్లను ఇక్కడే ఉండనీ."

"ఏడవండి దోన్యా. మీకు ఎవరూ అడ్డం ఉండకూడదు."

ఆయన నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నాలుగింటికల్లా సిగ్రున్ సామాను ఇంకో వీధికి చేరింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల ఒడీలియా చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం తొమ్మిదో ప్రార్థన. ఒడీలియా ఇంట్లోనే నల్లబట్టలు కట్టుకుని బయల్దేరింది. ఆఖరి ఆమేన్ దాకా కూర్చుంది. ఏడున్నరకు తోరిబియా పళ్ళెం తెచ్చి ఒళ్ళో పెట్టి, "తిను వదినా, ఇవాళ తొందరేం లేదుగా" అంది. అప్పుడు ఏడ్చింది.

బడి నుంచి ఆ ఇంటికి మళ్ళీ మనిషి రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చినాయనకు అరవై రెండేళ్ళు. రాత్రిపూట భోంచెయ్యడు, బల్ల దగ్గరికే రాడు.