వణకని గీత

తలుపుకు తాళం వేశాక లాగి చూడటం చాలామందికి ఉన్న అలవాటే. మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చి లాగి చూసేవాళ్లు తక్కువ. ఆమె ఆ తక్కువమందిలో ఒకరు. పాల ప్యాకెట్టును కత్తిరించక ముందు ఒకసారి, కత్తిరించాక ఒకసారి వాసన చూసేది. "నేను నిద్రపోతుంటే, నిజంగానే పోతున్నానా అని వంగి చూస్తుంది" అని భర్త చుట్టాల ముందు చెప్పి నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు. ఊరికి గొట్టాల్లో గ్యాసు పంపే స్టేషనులో తోటివాళ్లు ఆమెకు 'మళ్లీచూడు' అని పేరు పెట్టారు.

ఈ స్వభావాన్ని సుగుణమని నేను అనను. అనుమానించే మనిషి చుట్టూ ఉన్నవాళ్లను నిత్యం బోనులో నిలబెడుతుంది; నిర్దోషులు కూడా కొంతకాలానికి నేరస్తుల్లా మాట్లాడటం నేర్చుకుంటారు. అయితే ఇది ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఫిర్యాదుల విభాగంలో పనిచేసింది. ఫలానా ఇంట్లో గ్యాసు లీకవుతోందని ఇరుగుపొరుగు చెబితే ఆ ఇంటికి ఫోను చేసేది. "మా ఇంట్లో ఏ వాసనా లేదండీ" అని వాళ్లు కచ్చితంగా చెప్పేవారు. మనిషిని పంపితే లీకు సరిగ్గా ఆ ఇంట్లోనే దొరికేది. పొద్దస్తమానం ఆ గాలినే పీల్చిన ముక్కు వాసన లేదనే చెబుతుంది. అబద్ధమాడాలన్న ఉద్దేశం దానికి లేదు. ఆమె ఎక్కువగా భయపడింది అలాంటి సాక్షులకే.

తర్వాత ఆమెను కంట్రోలు గదికి మార్చారు. ఊరికి వెళ్లే సహజవాయువులో అక్కడ హైడ్రోజన్ కలుపుతారు. నూటికి పది పాళ్లు మించకూడదు. మించితే పాత పొయ్యిల్లో మంట వెనక్కి, బర్నరు లోపలికి పాకే ప్రమాదం ఉంది. గొట్టానికి బిగించిన సెన్సరు ఆ పాళ్లను క్షణక్షణం కొలిచి తెరమీద గీతగా చూపిస్తుంది. గీత తగ్గితే హైడ్రోజన్ వాల్వు తనంతట తాను కాస్త తెరుచుకుంటుంది, పెరిగితే మూసుకుంటుంది. ఆ గీతను కనిపెట్టుకుని ఉండటం, తేడా వస్తే హైడ్రోజన్‌ను ఆపడం ఆమె పని. పొగను చూసి నిప్పును ఊహించడం తర్కంలో మొదటి పాఠం. ఆమె వృత్తిలో పొగ ఉండదు. హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు కూడా. ఉన్నదల్లా ఒక గీత, దాన్ని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న.

ఆ మధ్య గీత అదోలా వణికిందని ఆమె హైడ్రోజన్ ఆపేసింది. ఆ వణుకు మామూలుదేనని తర్వాత తేలింది. ఈలోగా వాయువు మారడంతో గాజు కార్ఖానాలో కొలిమి వేడి తప్పి సరుకు పాడైంది. మేనేజరు కేకలు వేయలేదు. ఇంకోసారి ఊరికే ఆపితే ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారని, ఆమెకు బిల్లుల విభాగంలో చోటు ఉందని మాత్రం చెప్పాడు. ఆ కుర్చీ కోసం ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. పోతే మళ్లీ రాదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మేనేజరు పక్కగదిలో ఉండగా, ఆమె తెరవైపు చూసి కుర్చీ ముందుకు లాక్కుంది. ఊళ్లో వంటలు మొదలయ్యే వేళకు గ్యాసు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ కాసేపు గీత కొంచెం కుంగి, మళ్లీ లేస్తుంది. ఆ రోజు కుంగలేదు. పది పాళ్లకు వెంట్రుకవాసి దిగువన, స్కేలు పెట్టి గీసినట్టు సాగిపోతోంది.

సెన్సర్లను సరిచూసే టెక్నీషియను ఆమెకు స్వయానా బావ, అక్క మొగుడు. పొద్దున ఆ సెన్సరును పరీక్షించింది అతనే. పరీక్ష జరిగేటప్పుడు గీత ఎగిరిపడి వాల్వును తికమక పెట్టకుండా, పాత అంకె దగ్గరే దాన్ని పట్టి ఉంచే స్విచ్చి ఒకటి సెన్సరు షెడ్డులో ఉంటుంది. పని కాగానే కట్టేయాలి. ఆమె అనుమానం నేరుగా అక్కడికే పోయింది. ఫోను చేసింది.

"బావా, స్విచ్చి కట్టేశావా?"

"మీ అక్క కూడా నన్ను ఇన్ని ఆరాలు తీయదు తల్లీ. భోజనం చేయనీ."

"కట్టేశావా లేదా చెప్పు."

"నీ అనుమానం నా మీదా, సెన్సరు మీదా?"

"ముందు దాని మీద. నీ సంగతి తర్వాత."

అవతల నవ్వు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఆమెకు నచ్చలేదు. కట్టేశానని అతను అననేలేదన్న సంగతి ఫోను పెట్టేశాక తట్టింది.

రుజువు లేకుండా ఆపితే కుర్చీ పోతుంది. అందుకని వాల్వును తన అదుపులోకి తీసుకుని, హైడ్రోజన్‌ను కొంచెం తగ్గించింది. ఆ మార్పు గొట్టంలో సెన్సరు దాకా చేరడానికి కాసేపు పడుతుంది. చేరగానే గీత దిగాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గీత దిగలేదు. వాల్వు ఎంత తెరుచుకుని ఉందో అప్పుడు చూసింది. గీత ఎంతసేపూ ఉండాల్సిన పది పాళ్లకన్నా కాస్త తక్కువే చూపిస్తుండటంతో, వాల్వు పాపం పొద్దుటి నుంచి కొద్దికొద్దిగా తెరుచుకుంటూనే వచ్చింది.

ఆమె హైడ్రోజన్‌ను పూర్తిగా ఆపేసింది.

హైడ్రోజన్ ఆగితే మోగే గంట విని మేనేజరు వచ్చాడు. "మళ్లీ ఆపేశారా అమ్మా? గీత నిక్షేపంగా ఉంది కదా."

"నిక్షేపంగా ఉండటమే నాకు నచ్చలేదండీ."

అతను ఆమె వైపు కాక కుర్చీ వైపు చూశాడు. అంతలో గీత నిట్టనిలువుగా లేచింది. పరిమితిని దాటి, పైన కాసేపు నిలబడి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఎవరో అప్పుడే స్విచ్చి కట్టేశారు. ఎవరో ఇద్దరికీ తెలుసు.

బావ ఆయాసపడుతూ వచ్చాడు, ఎంగిలి చేయి కూడా కడుక్కోలేదు. మరచిపోయానంటే సరిపోయేది, ఆ మాటే అంటాడని ఆమె అనుకుంది. అతను మేనేజరును వదిలి ఆమెతోనే మాట్లాడాడు.

"సారు ఈ పూట ఇక్కడే ఉంటారని తెలుసు. గీత కాస్త వణికితే నువ్వు ఊరుకోవు. కుర్చీ పోతుంది. ఆయన వెళ్లగానే కట్టేద్దామనుకున్నా."

"అంటే కావాలనే ఉంచావు."

"నీ కోసమే ఉంచాను."

ఆమె చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. అబద్ధం కోసం వెదికిందనుకుంటాను. దొరకలేదు. లోకంలో ప్రతిదాన్నీ శంకించిన మనిషి, తన శంక ఎదుటివాళ్ల చేత ఏం చేయించగలదన్నది మాత్రం ఏనాడూ శంకించలేదు.

కుర్చీ ఆమెకు మిగిలింది. బావను సెన్సర్ల నుంచి తప్పించి, గొట్టాలకు రంగులు వేయించే పనికి పంపారు. అక్క ఫోను చేయడం మానేసింది. ఈమె చేస్తే పిల్లల చేత ఎత్తించేది. బావ కోసం ఆమె మేనేజరును బతిమాలిందని కొందరంటారు, లేదని ఆమె అంటుంది. నేను ఎవరి మాటా తీసుకోను.

ఏమైతేనేం, అతను మళ్లీ సెన్సర్ల దగ్గరికి వచ్చాడు. మొదటి పరీక్ష కాగానే షెడ్డు నుంచి తనే ఫోను చేశాడు.

"కట్టేశాను. నన్నడక్కు, దాన్నే అడుగు."

ఆమె వాల్వును కొంచెం తగ్గించింది. ఇద్దరూ ఫోన్లు చెవికి పెట్టుకునే ఉన్నారు. కాసేపటికి గీత కొద్దిగా వంగింది.

"సరే బావా" అంది. "సాయంత్రం చేస్తాను. అక్కనే ఎత్తమను."