కబుర్లాడే తలారి

ఇస్కారోస్ బాబాయ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ తల నరకాలన్నా ముందు ఆ తలతో కాసేపు కబుర్లాడాలి.

కంగారు పడకండి, నరికేది నాటకంలోనే. ఈజిప్టులో మిన్యా దగ్గర మా ఊళ్ళో ఏటా మే నెలలో దిమ్యానా తల్లి పండుగకి చర్చి హాల్లో ఆమె నాటకం వేస్తాం. చక్రవర్తి విగ్రహాలకి మొక్కనన్నందుకు ఆమెనీ, ఆమె వెంట ఉన్న నలభైమంది కన్యల్నీ చంపించిన కథ. కన్యలంటే మా బడిపిల్లలే, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా. తలారి ముప్ఫై ఏళ్ళుగా ఇస్కారోస్ బాబాయే, ఆ పాపిష్టి వేషం ఇంకెవరూ కట్టరు కాబట్టి. మిగతా రోజుల్లో ఆయనకి కటింగ్ షాపు ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మోకరిల్లిన పిల్ల దగ్గరికి వస్తాడా, అట్టకత్తి చంకలో పెట్టుకుంటాడు. భుజం మీది తెల్లగుడ్డ దులిపి పిల్ల మెడ చుట్టూ కప్పుతాడు. రెండువేళ్ళతో తల పక్కకి వంచి, చెవిలో ఏదో గొణుగుతాడు. పిల్ల ఏదో చెబుతుంది. అప్పుడు కత్తి దించుతాడు, పిల్ల పడిపోతుంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కటింగ్ అయినవాళ్ళని మా దేశంలో ఎవరైనా దీవిస్తారు కదా, ఆ అలవాటుకొద్దీ ఈయన "నఈమన్! హాయిగా ఉండు తల్లీ!" అంటాడు. చచ్చిన పిల్ల కళ్ళు మూసుకునే, "నీకూ దేవుడు హాయినివ్వాలి తాతయ్యా" అని మర్యాదగా బదులిస్తుంది.

ఇలా నలభైసార్లు. ఒక ఏడాది, చంపమని ఆజ్ఞ ఇచ్చే గవర్నరు వేషగాడు సింహాసనం మీదే నిద్రపోయాడు. మరో ఏడాది మెలకువగానే ఉండి, "ఇస్కారోస్, ఆ పిల్లని చంపుతున్నావా, సంబంధం మాట్లాడుతున్నావా?" అని అరిచాడు. "ఉండరా, పన్ను ఊడిందట, చూస్తున్నా" అన్నాడు తలారి.

ఈ ఏడాది నాటకం నా చేతికొచ్చింది. నేను కైరోలో నాలుగేళ్ళు నాటకం చదివొచ్చినదాన్ని. మా ఫాదరు అబూనా సిద్రాక్ పిలిచి, "నర్దీన్, కైరో నుంచి నాటకాల పోటీ న్యాయనిర్ణేతలు వస్తున్నారు. ఈ కాలం వాళ్ళకి నచ్చేలా చెయ్యమ్మా" అన్నారు. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. గవర్నరుకి కోటూ టై వేయించాను. పద్యాలు సగానికి కోసేశాను. పిల్ల తెగిపడ్డప్పుడల్లా స్వర్గానికి పెళ్ళికూతుర్ని పంపినట్టు ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూతలు వేస్తారు, అవి నిషేధమని గోడకి కాగితం అంటించాను. చివరికి బాబాయ్ షాపుకి వెళ్ళాను.

ఒక్క మాట దాచకూడదు. ఆరేళ్ళప్పుడు నేనూ ఆ నలభైమందిలో ఉన్నాను. బాబాయ్ నా చెవిలో ఏం చెప్పాడో గుర్తులేదు. గుర్తే లేని మాట తీసేస్తే ఏం పోతుంది అనుకున్నాను.

"బాబాయ్, ఈసారి గుడ్డ వద్దు."

"మెడలో వెంట్రుకలు పడతాయేమోనమ్మా."

"నీ అట్టకత్తికి వెంట్రుకలేం పడతాయి? ఆ గొణుగుడు కూడా వద్దు."

"పలకరించకపోతే పిల్లలేమనుకుంటారే?"

"చచ్చేవాళ్ళు ఏమీ అనుకోరు! కైరోవాళ్ళు నిన్ను చూసి నవ్వుతారు బాబాయ్. నాకు సిగ్గుగా ఉంది, అర్థం చేసుకో."

కుర్చీలో సబ్బునురగతో ఉన్న పెద్దమనిషి కూడా తల తిప్పి నావైపు చూశాడు. బాబాయ్ క్షవరం కత్తి కింద పెట్టాడు. "నోరెత్తనమ్మా. దిమ్యానా తల్లి మీద ఒట్టు" అన్నాడు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నా తల ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

రిహార్సల్స్‌లో ఆయన నోరు మెదపకపోయినా ముఖం కనబడుతూ ఉండేది, పిల్లలకి ఏ తేడా తెలియలేదు. నాటకం రోజున మాత్రం నేను ముఖమంతా మూసే రేకు టోపీ పెట్టించి, వేదికంతా ఎర్రదీపాలు వేయించాను. పెద్దపిల్లలు ఐదుగురు చప్పుడు లేకుండా తెగిపడ్డారు. మొదటి వరసలో న్యాయనిర్ణేతలు కదలకుండా చూస్తున్నారు. బహుమతి వచ్చేసినట్టే అనుకున్నాను.

ఆరోది మిరోలా. ఆరేళ్ళది, మొదటిసారి ఆడుతోంది. రేకు టోపీలోకి తొంగిచూసి, "తాతయ్యా, నువ్వేనా?" అంది.

అట్టకత్తి పైకి లేచింది.

"తాతయ్యా, మాట్లాడు!"

రేకు టోపీ తెరవైపు తిరిగింది. ఆ కంతల్లోంచి బాబాయ్ నన్ను అడుగుతున్నాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను. చెప్పడానికి నోరు రావడం లేదుగానీ, పెట్టాను.

"ఈయన తాతయ్య కాదు! నిజం తలారి!" అని మిరోలా కెవ్వుమని పరిగెత్తి దిమ్యానా తల్లి పావడాలో దూరింది. దాంతో ముప్ఫైనలుగురూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. చచ్చిన ఐదుగురూ లేచి ఏడుపందుకున్నారు. మృత్యువుని చూసి నవ్వాల్సిన దిమ్యానా తల్లి వేషం పిల్ల కూడా "మమ్మా!" అని హాల్లోకి చేతులు చాపింది. తల్లులు చెప్పులు తీశారు. రేకు టోపీ మీద చెప్పులు ఠంగుఠంగున పడుతున్నాయి. ఇంత జరుగుతున్నా ఆ మనిషి కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు, నోరు మాత్రం మెదపలేదు. నాకిచ్చిన మాట కోసం.

"మాట్లాడు బాబాయ్!" అని తెర వెనకనుంచి అరిచాను. "నీకు పుణ్యముంటుంది, మాట్లాడు!"

టోపీ ఊడివచ్చింది. చొక్కాలోంచి తెల్లగుడ్డ వచ్చింది, ఉతికి ఇస్త్రీ చేసినది. అంటే నేను వద్దన్నా తెచ్చుకున్నాడు.

"ఏదీ, ఎవరిదమ్మా వంతు?"

మిరోలా ముక్కు తుడుచుకుంటూ వచ్చి మోకరిల్లింది. తెర పక్కనే ఉన్నాను కాబట్టి ఆ గొణుగుడు నాకు వినబడింది.

"ఈ పూట మీ ఇంట్లో ఏం వండారే?"

"కోడి. మకరోనా."

"అబ్బో! అయితే త్వరగా చచ్చి వెళ్ళు, చల్లారిపోతుంది. ఎడమవైపు పడు, అటు దిండు పెట్టాను."

మిరోలా కిలకిలా నవ్వుతూ చచ్చిపోయింది. నేనంటించిన కాగితం కిందే నిలబడి ఆడవాళ్ళు కూతలు వేశారు. చచ్చిన ఐదుగురూ "మమ్మల్ని అడగలేదు" అని మళ్ళీ వరసలో నిలబడ్డారు. ఆ చావులు ముప్పావుగంట సాగాయి. న్యాయనిర్ణేతలు నవ్వారు. బహుమతి మాత్రం రాలేదు.

హాలు ఖాళీ అయ్యాక బాబాయ్ వేదికమీద గుడ్డ మడత పెట్టుకుంటున్నాడు. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. అడగకుండా, మిరోలా మోకరిల్లినచోటే నేనూ మోకరిల్లి తల వంచాను. ఆయన గుడ్డ విప్పి దులిపి నా మెడ చుట్టూ కప్పాడు. రెండువేళ్ళతో తల పక్కకి వంచాడు.

"మీ ఇంట్లో ఏం వండారే?"

"మొలోఖియా ఆకు పులుసు" అన్నాను.

"అప్పుడూ అదే చెప్పావు. మీ అమ్మ వెల్లుల్లి ఎక్కువ వేస్తుందని కూడా చెప్పావు. ఇంకా అంతేనా?"

ఇరవయ్యైదేళ్ళకి గుర్తొచ్చింది. ఆ రోజు కత్తి పడేటప్పుడు నేను తలుచుకున్నది కత్తిని కాదు, వెల్లుల్లిని. భయమే వేయకపోతే గుర్తేముంటుంది?

"ఇంకా అంతే బాబాయ్."

అట్టకత్తి మెత్తగా తగిలింది. "నఈమన్!" అన్నాడు.

"నీకూ దేవుడు హాయినివ్వాలి" అని ఎడమవైపు పడ్డాను. దిండు ఇంకా అక్కడే ఉంది.