ఎవరిస్తో లెయెస్ ఎదుట కూర్చున్న కార్పొరల్

ఎవరిస్తో లెయెస్ పోయి మూడేళ్లయింది. అర్జెంటీనాలోని మా గోయా ఊళ్లో అతన్ని ఇళ్లలో తగాదాలు సర్దే డాక్టరనే అనేవారు. డాక్టరు కాదు, ఫ్యామిలీ థెరపిస్టు. చేపలు పట్టేవాళ్ల కొడుకు. పంతొమ్మిదో ఏట సైన్యం పిలిస్తే, 1982లో ఇంగ్లీషువాళ్లతో మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల కోసం జరిగిన యుద్ధానికి వెళ్లాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేకుండా తిరిగొచ్చాడు. పొగాకు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ముప్పై దాటాక చదువు పూర్తి చేశాడు. ఆ దీవుల్లో ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఎనిమిదేళ్లుగా అతనితో పాటు థెరపిస్టుగా పనిచేస్తున్న నాకూ 2004 జులై దాకా తెలియదు.

ఆ నెలలో ఒక మంగళవారం స్కూలువాళ్లు ఒక కుటుంబాన్ని పంపారు. తండ్రి సతుర్నీనో గౌనా సైన్యంలో చేసి రిటైరైనవాడు. తల్లి ఒలిందా. కూతురు మిలాగ్రోస్‌కి పదమూడేళ్లు. రెండు నెలలుగా తండ్రితో మాట్లాడటం లేదు, ఇంట్లో ముద్ద ముట్టటం లేదు.

మా గదుల మధ్య ఒక గాజు పలక ఉంది. వాళ్లవైపు అద్దంలా కనిపిస్తుంది, నావైపు నుంచి అంతా చూడొచ్చు. వెనక నేనుంటానని వచ్చినవాళ్లకి ఎవరిస్తో ముందే చెప్పేవాడు. అతనికి ఒకటే నియమం, ఎవరి మాట వాళ్లే చెప్పాలి.

"ఏం జరిగిందో నువ్వు చెప్పమ్మా," అన్నాడు.

"దానికేం తెలుసు, నేను చెప్తా," అన్నాడు గౌనా.

"మీది మీరు తర్వాత చెప్దురుగాని."

పిల్ల బల్లవైపు చూస్తూ చెప్పింది. "ఫ్రిజ్‌లో జున్ను ముక్క తీసుకున్నా, అడక్కుండా. పెరట్లో పడుకోమన్నారు. వెల్లకిలా, చేతులు చాపి. వాన పడుతోంది."

"ఎంతసేపు?"

"చీకటి పడేదాకా."

"క్రమశిక్షణండీ అది," అన్నాడు గౌనా. "తిండి దొంగిలించినోడికి మా దగ్గర ఇదే మందు. దీంతో ఎవరూ చావలేదు."

ఎవరిస్తో పెన్ను ఆగిపోయింది. తల ఎత్తి ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. "ఐదు నిమిషాల్లో వస్తా," అని లేచి నా గదిలోకి వచ్చి తలుపు మూసి, దానికే వీపు ఆనించి నిలబడ్డాడు.

"నెలిదా, నన్ను కట్టేసింది వీడే."

గౌనా అనే ఇంటిపేరు మా ఊళ్లో చాలామందికి ఉంది, ఆ మాట వినేదాకా అతనికి తట్టలేదు. దీవుల్లో జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆకలికి ఆగలేక తనతో కలిపి ముగ్గురు కుర్రాళ్లు ఒక గొర్రెను కోశారు. దొరికింది ఇతనొక్కడే. వాళ్ల దళాన్ని చూసే కార్పొరల్ గౌనా గుడారం మేకులు నాలుగు దింపించి, తడినేల మీద కాళ్లూ చేతులూ లాగి కట్టించాడు. మధ్యాహ్నం ఫిరంగులు మొదలయ్యాయి. అందరూ కందకాల్లోకి దూరారు. ఇతను అక్కడే పడి ఉన్నాడు. చివరికి సెఫెరీనో అనే స్నేహితుడు పాక్కుంటూ వచ్చి తాడు కోశాడు.

"నిన్ను గుర్తుపట్టాడా?"

"లేదు. వాడికి నేను పదిమందిలో ఒకణ్ణి."

"అయితే ఈ కేసు నువ్వు చూడకూడదు. నేను వెళ్తా."

"వెళ్దువుగాని. ముందు నేను ఎందుకు తప్పుకుంటున్నానో చెప్పాలి. చెప్పకుండా మాయమైతే ఆ పిల్ల తన మాట వల్లే పోయాననుకుంటుంది. మళ్లీ నోరు విప్పదు."

"పగ తీర్చుకోవాలని కాదు కదా?"

"అదీ ఉంది. అందుకే నా పక్కన కూర్చో. హద్దు దాటితే ఆపు."

ఇద్దరం లోపలికి వెళ్లాం. అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"గౌనా గారూ, ఎనభై రెండులో నేను మీ దళంలో ఉన్నాను. లెయెస్‌ని."

"ఏ లెయెస్?"

"గొర్రె లెయెస్."

గౌనా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. భారీ మనిషి. కొడతాడనే అనుకున్నాను. ఎవరిస్తో కదల్లేదు.

"నాకు పైనుంచి ఆర్డర్లు."

"అయ్యుండొచ్చు."

"యుద్ధమంటే ఏంటో ఇక్కడ కూర్చున్న మీకేం..." అని మధ్యలోనే ఆగిపోయాడు.

"మా నాన్న మిమ్మల్ని ఏం చేశారు?" అంది మిలాగ్రోస్.

ఎవరిస్తో కుర్చీలో ముందుకు వంగాడు. ఆపడానికి నేను చెయ్యి ఎత్తబోయాను. ఈలోపే అతను పిల్లతో అన్నాడు.

"అది మీ నాన్న చెప్పాల్సిన మాట, నేను చెప్పను. నీకు చేసింది మాత్రం తప్పు. అది ఖాయంగా చెప్పగలను." తర్వాత తండ్రివైపు తిరిగాడు. "ఇక నుంచి మిమ్మల్ని నెలిదా చూస్తుంది. పెరట్లో జరిగింది జడ్జికి రాస్తున్నాం. మీ వెనక కాదు, మీ ముందే చెప్తున్నా."

గౌనా తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఒలిందా మాత్రం లేవలేదు. "మా అక్కకి ఫోన్ చెయ్యాలి, ఒకసారి ఇస్తారా?" అని నన్ను అడిగింది.

తల్లీకూతుళ్లు ఆ అక్క ఇంట్లోనే ఉండాలని జడ్జి ఆదేశించారు. సెప్టెంబరులో గౌనా నా దగ్గరికి, కూతురితో కలిసి కూర్చోవడానికి వచ్చాడు. మొదటి రెండు వారాలూ వాతావరణం గురించి మాట్లాడాడు. మూడోసారి నేలను చూస్తూ, "కట్టించాను," అన్నాడు. తర్వాత మిగతాదంతా చెప్పాడు.

"లెయెస్ గారు ఏడ్చారా?" అంది కూతురు.

"లేదు. మన గ్వారనీ భాషలో మా అమ్మతో సహా అందర్నీ తిట్టాడు. ఫిరంగులు ఆగేదాకా తిడుతూనే ఉన్నాడు."

ఇన్ని నెలల్లో ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూడటం అదే మొదలు. క్షమించానని అనలేదు. ఆ తర్వాత ఆదివారాలు వెళ్లి చూసొచ్చేది. ఒలిందా మాత్రం ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు.

గౌనా వచ్చే రోజుల్లో ఎవరిస్తో ఆ గంటసేపు భవనంలో ఉండేవాడు కాదు. నదివైపు వెళ్లి మాతే టీ తాగి వచ్చేవాడు. "క్షమించావా?" అని ఒకసారి అడిగాను.

"వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు. పిల్ల అన్నం తింటోందా?"

"తింటోంది."

"ఇంకేం మరి."

2021లో ఎవరిస్తో గుండె ఆగి పోయాడు. ఆఖరిచూపుకి సెఫెరీనో వచ్చాడు, మిలాగ్రోస్ తన బిడ్డను ఎత్తుకుని వచ్చింది. గౌనా రాలేదు. ఎవరిస్తో భార్య ఓర్తెన్సియా నన్ను వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఆ జులై మంగళవారం పెందలాడే ఇంటికొచ్చాడు," అంది. "కాలి వేళ్లు కందకంలో మంచుకి పోయాయని పదిహేనేళ్లు నమ్మాను, కట్టేసి ఉంచినందుకు పోయాయని తెలియదు. ఆ రోజు బూటు విప్పి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. నాకు కోపం వచ్చింది నెలిదా. ఊళ్లోవాళ్లందరి నోరూ విప్పించినవాడు నాకు ఇంతకాలం చెప్పలేదని. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే పలకరించాను."

ముందుగదిలో ఎవరో వచ్చిన అలికిడైంది. ఆమె లేచి, వాళ్లకి కాఫీ కలపడానికి స్టవ్ వెలిగించింది.