మొయినాబాద్ షెడ్డు నుంచి మళ్లీ రోడ్డెక్కిన మా అన్న కాంటెస్సా

మా అన్న రఘు ఇరవై ఏళ్లు డ్రైవింగ్ స్కూల్ నడిపాడు. చెల్లెలినైన నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. మూడేళ్ల క్రితం ఒక ప్రమాదంలో ఆయన ఎడమకాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. కృత్రిమ కాలుతో నడక వచ్చింది కానీ, ప్రాణంలా చూసుకున్న పాత కాంటెస్సా కారు మాత్రం ఇంటి ముందు కవరు కిందే ఉండిపోయింది. క్లచ్ తొక్కే కాలు లేదు కదా. క్లచ్ అక్కర్లేని చిన్న ఆటోమేటిక్ కారు కొనుక్కోమని అందరం చెప్పాం, వినలేదు. పాత కార్లకు బలమైన కొత్త ఇంజిన్లు, గేర్‌బాక్సులు బిగించే షెడ్డు ఒకటి మొయినాబాద్ దాటాక ఉందని తెలిసి బండిని అక్కడికి పంపాడు. పోయిన శనివారం దాన్ని తెచ్చుకోవడానికి ఆయనతో నేనూ వెళ్లాను.

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే మొయినాబాద్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి షేర్ ఆటోలు ఉంటాయి. అన్నకు బస్సు మెట్లు కష్టమని మేం క్యాబ్ తీసుకున్నాం, ఏడు వందలయింది. పొద్దున ఎనిమిదికి బయలుదేరి గంటలో చేరాం. లంగర్‌హౌజ్ దాటేదాకే రద్దీ. ఆ తర్వాత ఫంక్షన్ హాళ్లు, రిసార్టుల బోర్డులు, వాటి మధ్య ఇంకా మిగిలిన క్యాబేజీ మళ్లు. సంగతి విన్న క్యాబ్ డ్రైవర్, "పాత బండికి గింత ఖర్చెందుకన్నా? అమ్మేస్తే అయిపోతుండె" అన్నాడు. అన్న కిటికీ అద్దం దించి బయటికి చూశాడు.

షెడ్డు యజమాని స్టీఫెన్‌ది ఆ పక్క ఊరే. లోపల లిఫ్ట్ మీద పొడుగాటి బానెట్ ఉన్న ఎర్రటి అమెరికన్ కారొకటి ఉంది. "జన్వాడ ఫాంహౌస్ సార్‌ది. ఆయనకు జోరు కావాలె. నేనైతే ముందు బ్రేకులు మార్చిన. ఆగకుంటే ఎట్ల?" అన్నాడు నవ్వుతూ. మా నల్ల కాంటెస్సా పక్కనే మెరుస్తూ నిలబడింది. పాతదానికి రెట్టింపు బలమున్న పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డిస్క్ బ్రేకులు. క్లచ్ పెడల్ ఉండే చోట ఖాళీ.

లైసెన్సు మార్పు కోసం అన్న ఇదివరకే ఖాళీ మైదానంలో ఆటోమేటిక్ కారు నడిపి చూపాడు. రోడ్డెక్కడం మాత్రం ఇదే మొదటిసారి. స్టీఫెన్ పక్క సీట్లో, నేను వెనక కూర్చున్నాం. ఇంజిన్ గుర్రుమంది. గేటు దాటబోతుంటే లారీ ఒకటి దూసుకొచ్చింది. అన్న బ్రేక్ నొక్కాడు. బండి ఆగింది కానీ, అదే క్షణంలో ఆయన కృత్రిమ కాలు లేచి ఖాళీ నేలను ధబ్ధబ్‌మని తన్నింది. అన్న స్టీరింగ్ వదిలేసి స్టీఫెన్ వైపు తిరిగాడు.

"నాతోని కాదు తమ్మీ. లేని కాలు క్లచ్ దేవులాడుతున్నది. దీన్ని ఎవరికన్న అమ్మెయ్యి."

భయపడే వందలమంది పక్కన కూర్చుని ధైర్యం చెప్పిన మనిషి ఆయన. స్టీఫెన్ ఓదార్చలేదు.

"సరే అన్నా, అమ్ముదాం. కని రేపు ఐతారం, చర్చికి చామంతులు తేవాలె. జర చేవెళ్ల దాక తీస్కపోతవా?"

"నువ్వే నడుపు."

"నేను పక్కన కూసొని ఇంజిన్ సప్పుడు వినాలె. గట్లైతేనే తేడా ఉంటే దొరుకుతది. కాలు లేస్తే లేవనీ అన్నా. ఆడ తొక్కనీకె ఏం లేదు."

చివరికి అన్న బండి కదిలించాడు. మొదట ముప్పై దాటలేదు. కాలు ఇంకో రెండుసార్లు లేచింది, అన్న బండి ఆపలేదు. పొలాలు వచ్చేసరికి ఆయన భుజాలు సడలాయి. ముందు దారి ఖాళీగా కనబడగానే యాక్సిలరేటర్ నొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. స్టీఫెన్ కళ్లు మూసుకుని ఇంజిన్ వింటున్నాడు.

చేవెళ్ల మార్కెట్ దగ్గర ఆపామో లేదో, పూలమ్మే అవ్వ ఒకామె గట్టిగా అరిచింది. "ఓ బాపూ! నా గంపకు అడ్డం పెట్టినవ్. జర ఎన్కకు తీయరాదు?"

అన్న ఆమెను ఒక్క క్షణం అలాగే చూశాడు. మూడేళ్లుగా ఆయన్ను ఎవరూ కసిరింది లేదు, అందరూ జాలిగా పక్కకు జరిగేవాళ్లే. గట్టిగా నవ్వేశాడు. "తీస్త అవ్వా, ఫికర్ చేయకు" అంటూ అద్దాల్లో చూసుకుని, స్కూల్లో మాకు నేర్పినట్టే, ఒక్క మలుపులో వెనక్కి తీసి నిలబెట్టాడు. చామంతులు కూడా ఆమె దగ్గరే కొన్నాం. అమ్మే మాట మళ్లీ రాలేదు.

ఇలాంటి షెడ్లు డబ్బున్నవాళ్ల వేగం సరదా కోసమని అనుకునేదాన్ని. ఆ సరదా అన్నకూ ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ రోజు స్టీఫెన్‌ను షెడ్డు దగ్గర దింపి ఆయన ఇంటిదాకా తానే నడుపుతూ, అద్దంలో నన్ను చూసి "సీటు బెల్టు పెట్టుకున్నవా?" అని కసిరినప్పుడు, మా అన్న తిరిగొచ్చాడనిపించింది.

మీరూ వెళ్లాలనుకుంటే ఒక మాట: పాత ఇంజిన్ విప్పకముందే ఆర్టీఏ అనుమతి తీసుకోండి, మార్పు ఆర్‌సీలో, ఇన్సూరెన్సులో ఎక్కాకే బండి బయటికి తీయండి. మాకు దానికే రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అన్న నాకు రోజూ ఫోన్ చేసి విసిగించాడు. ఇప్పుడు నేను చేస్తే, బండి నడుపుతున్నాడేమో, ఎత్తడం లేదు.