సుల్తాన్ కంట పడకుండా

అడిక్‌మెట్‌లో బుచ్చవ్వ నోటికి జడవని మనిషి లేడు. అలాంటి బుచ్చవ్వ యూనివర్సిటీ మైదానం పక్కనున్న గుర్రాల సెంటర్‌లో అడుగుపెట్టగానే గొంతు తగ్గించేది. అక్కడి గుర్రం సుల్తాన్‌కు కేకలంటే పడదు మరి. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలను ఆ తెల్ల గుర్రం మీద కూర్చోబెట్టి నడిపిస్తే నడుము నిలబడుతుందని తార్నాక నుంచీ విద్యానగర్ నుంచీ తల్లిదండ్రులు తీసుకొచ్చేవారు. పిల్లలు ఎక్కేదాకా అది కదలకుండా నిలబడేది. పదకొండేళ్లు దాని తాడు పట్టుకుని నడిచింది బుచ్చవ్వే. పిల్లాజెల్లా లేని మనిషి, "కొడుకా" అని పిలుచుకున్నది దాన్నొక్కదాన్నే.

పోయిన వేసవిలో సుల్తాన్ ముసలిదైందని శామీర్‌పేట అవతల ఒక తోటకు పంపేశారు. కొత్తచోట బెంగపడకుండా ఉంటుందని బుచ్చవ్వ తన పాత చీర కొంగు చింపి దాని మెడకు కట్టింది. ప్రేమకొద్దీ చేసిన ఆ పనే కొంప ముంచింది. సుల్తాన్ ఆ గుడ్డ వాసన చూసుకుంటూ గేటువైపే నిలబడింది, గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు తోటవాళ్లు గుడ్డ విప్పేశాకే మేత మొదలుపెట్టింది.

ఆ కబురు విన్నప్పటినుంచి బుచ్చవ్వకు అన్నం సయించలేదు. "ఒక్కపారి చూపియ్యి మేడం," అని సెంటర్ నడిపే పద్మావతి ప్రాణం తీసేది. చివరికి దసరా సెలవుల్లో ఆవిడ కారెక్కించుకుంది.

"దూరం నుంచే చూడాలి బుచ్చవ్వా. ఇప్పుడిప్పుడే కుదురుకుంది. మీరు కనబడితే మళ్లీ మొదటికొస్తుంది."

"నాకెర్కలేదా మేడం? దానికి కండ్లకన్న ముక్కే ముందు."

తోట దగ్గర దిగగానే బుచ్చవ్వ పిడికెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూసుకుంది. తన వాసన అటు పోకుండా చుట్టూ తిరిగి వెళ్లి, కంచె ఇవతల చెట్టు చాటున నిలబడింది. సుల్తాన్ ఒళ్లు చేసింది, తాపీగా మేస్తోంది. ఒకసారి తలెత్తింది. పిలుపు గొంతుదాకా వచ్చేసరికి బుచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుర్రం తల దించి మళ్లీ మేతలో పడింది. ఆమె ప్రాణం కుదుటపడింది, ఆ వెంటనే ఏడుపూ ముంచుకొచ్చింది.

తిరుగు దారిలో తార్నాక సిగ్నల్ దగ్గర అడిగింది.

"మేడం, గాలి అటు కొడితే నన్ను గుర్తువడుతుండెనా?"

"పరిగెత్తుకొచ్చేది బుచ్చవ్వా."

బుచ్చవ్వ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"వద్దు మేడం. ఉరికితే దాని మోకాళ్లు నొస్తుండె, పాపం."